ఉడికిన స్పాంజి

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చేపల తొట్టి దగ్గర నిలబడడం చిన్నదానికి అలవాటు. ఆ రోజు బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది. అయిదు చేపలూ నీళ్ళ పైకి చేరి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం గుటకలు వేస్తున్నాయి.

"అక్కా! ఇలా రావే!"

అక్క జడ సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నర్సింగు చదువు ఏడాదికే మానేసి, ఆమె బజారులో చేపల తొట్లు అమ్మే కొట్టులో చేరి ఆరు నెలలైంది. అప్పట్నుంచి అమ్మకీ ఆమెకీ మధ్య మాటలు 'అన్నం తిన్నావా', 'తలుపు వేసుకో' వరకే. మూడు వారాల కిందట చెల్లెలి కోసం ఈ చిన్న తొట్టిని తెచ్చిపెట్టింది అక్కే.

ఆమె గాజు గొట్టంలో కాసిని తొట్టి నీళ్ళు పట్టి, సీసాలోంచి మందు చుక్కలు వేసింది. పసుపు రంగు వస్తే చేపలు క్షేమం. వచ్చింది ముదురాకుపచ్చ.

"శనివారం దాదాపు పసుపే కదే! ఇందులో ఎవరు చెయ్యి పెట్టారు?"

"నేనే," వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. "ఆదివారం నువ్వు కొట్టుకెళ్ళాక కడిగాను. రాళ్ళు తోమాను. కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను. ఆ ఫిల్టరులో స్పాంజి జిగురుజిగురుగా ఉంటే ఇరవై నిమిషాలు ఉడకబెట్టాను. గడియారం చూసి మరీ."

అమ్మ ఆసుపత్రిలో ఆపరేషను పనిముట్లను కడిగి, ఉడికించి, శుద్ధిచేసే గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది.

అక్క నేలమీద కూలబడింది. "ఉడకబెట్టావా? అమ్మా, అది మురికి కాదే! చేపల మలంలోంచి విషం పుడుతుంది. దాన్ని తినేసే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో పెరగాలి. అందుకు నెలన్నర పడుతుంది. అందాకా చేపలు బతకాలనే రోజూ పావువంతు నీళ్ళు మారుస్తున్నాను, చిటికెడే మేత వేస్తున్నాను. అంతా మళ్ళీ మొదటికొచ్చింది."

"క్రిములు పెంచుతున్నావా? నా ఇంట్లో?"

కుట్టు మిషను మీంచి నాన్న తలెత్తాడు. "మీ అమ్మనేమనకే. వాటిని చంపినందుకే కదా ఆవిడకి జీతం."

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. "నా చేతిమీదుగా వెళ్ళిన కత్తెర వల్ల ఇన్నేళ్ళలో ఒక్కరికీ చీము పట్టలేదు. అలాంటిది, చేపలమ్ముకునే పిల్ల నాకు శుభ్రం నేర్పుతోంది!"

అక్క మొహం పాలిపోయింది. "అవును, చేపలే అమ్ముతున్నా. అక్కడ నేనేం చేస్తానో ఇన్నాళ్ళలో ఒక్కసారి అడిగావా? మా కొట్టు మేడమీద గది ఖాళీగా ఉందట. నెలాఖరుకి వెళ్ళిపోతాను. నీ ఇల్లు శుభ్రంగా ఉంటుంది."

అక్క ముందురోజే క్లోరిన్ పోగొట్టే మందు కలిపి బకెట్లో ఉంచిన నీళ్ళతో సగం తొట్టి మార్చింది. చెల్లెలితో "గంటలో వస్తా, మేత వెయ్యకు" అని చెప్పి చెప్పులేసుకుంది.

అమ్మ డ్యూటీకి వెళ్ళలేదు. ఫోను చేసి ఈ పూట రాలేనని చెప్పింది. పీట లాక్కుని తొట్టి ముందు కూర్చుంది.

"రోజూ ఇలాగే చేస్తుందా అది?"

"నువ్వు వెళ్ళగానే. చేతులు కడుక్కుని, నీళ్ళు కొలిచి, మందు కొలిచి..." చిన్నది గొంతు తగ్గించింది. "మేత గింజలు కూడా లెక్కపెడుతుందమ్మా."

"లెక్కపెడుతుందా?" అని అమ్మ మేత డబ్బా చేతిలోకి తీసుకుని చూసింది.

అక్క ఒక సంచితో తిరిగొచ్చింది. అందులో గోధుమరంగు బురద ఓడుతున్న స్పాంజి.

"మా కొట్టులో పాత తొట్టిది. దీన్ని ఇందులో పిండి, ఫిల్టరులో పెడితే ఆ జీవులు త్వరగా పుంజుకుంటాయి."

"ఎన్నాళ్ళయింది ఇది కడిగి?"

"సబ్బూ వేడినీళ్ళూ అయితే నాలుగేళ్ళుగా తగల్లేదు."

అమ్మ చెయ్యి నోటికి వెళ్ళింది. తర్వాత కొంగు దోపుకుంది. "ఇటివ్వు. పాడుచేసింది నేను, నేనే పిండుతాను." అలవాటుగా సబ్బు అందుకోబోయింది.

"సబ్బు వద్దమ్మా!" అక్కాచెల్లెళ్ళు ఒక్కసారే అరిచారు.

అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని పిండింది. తొట్టి అంతా టీ రంగుకి తిరిగింది. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

మూడో రోజు ఒక చేప చచ్చిపోయింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి అక్కకంటే ముందే లేచి తనే నీళ్ళు కొలిచి మార్చడం మొదలుపెట్టింది. రెండు వారాలు గడిచాక ఒక పొద్దున గాజు గొట్టంలో నీళ్ళు పసుపుగా నిలిచాయి. నాలుగు చేపలూ అడుగున రాళ్ళ మధ్య తిరుగుతున్నాయి.

"కొత్తగా కొనేవాళ్ళకి మీరు ఇదంతా చెప్తారా?" అమ్మ అడిగింది.

"నేను చెప్తా. వినరు. వారం తిరక్కుండా చచ్చాయని వస్తారు."

"నోటిమాట ఎవరు వింటారే? రాసి గోడకి పెట్టాలి." అమ్మ బల్లమీంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఆసుపత్రి గోడమీద ఉండే సూచనల్లా గుండ్రటి అక్షరాలు. అక్క పైకి చదివింది.

"ఒకటి. స్పాంజిని ఉడకబెట్టరాదు. ఒకావిడ ఉడకబెట్టింది. ఒక చేప పోయింది. ముందు కూతుర్ని ఒక్కమాట అడిగి ఉంటే..." అక్క కాగితం దించి అమ్మవైపు చూసింది.

"ఏం, అక్షరాలు బాగోలేవా?" అమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. "కొట్టుకొకటి రాశాను. మేడమీద గదికీ కావాలంటే ఇంకోటి రాస్తాను."

అక్క వెనకనుంచి వెళ్ళి అమ్మ భుజంమీద మొహం పెట్టుకుంది.

"ఒక్కటి చాలమ్మా."