పదకొండు యాభైకి బూట్ అవ్వాలి

ఏజెంట్ పట్టాభికి ఒళ్లు మండిపోతోంది. ఏసీ మెకానిక్ వేషంలో శంషాబాద్ గోడౌన్ల మధ్య బైక్ దిగేసరికి పదకొండు ఇరవై. చెవిలో చీఫ్ గొంతు.

“ఆపరేషన్ జమ్మి. విదేశీ ముఠా గుట్టంతా పట్టుకుని మన శ్రావణ్‌కుమార్ పదకొండు యాభైకి ఎయిర్‌పోర్ట్ బయటికి వస్తాడు. చంపడానికి ఒకడు కాచుకున్నాడు. వాడి మొహం, ఎయిర్‌పోర్ట్ కెమెరాల్లో మనుషుల్ని గుర్తుపట్టే మన సర్వర్లో తప్ప ఎక్కడా లేదు. ఆ సర్వరేమో పొద్దున అప్‌గ్రేడ్ చేశాక లేవడం లేదు!”

మనిషి ప్రాణం వేలాడుతున్న రోజునా అప్‌గ్రేడ్ చేసేది! పట్టాభి పళ్లు కొరుక్కుంటూ గోడౌన్లోని సర్వర్ గదిలోకి దూసుకెళ్లాడు.

పట్టుచీర, మల్లెపూలతో సర్వర్ ఇంజనీర్ బిందు నవ్వింది. “సిస్టమ్ పోయింది సార్. మొత్తం ఫార్మాట్ చేయాల్సిందే. రెండు గంటలు.”

“రెండు గంటలా? తప్పుకోండి!”

పాత వెర్షన్ ఇంకా డిస్కులోనే ఉంటుంది. మిషన్ లేచేటప్పుడు వచ్చే బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు. కానీ మూడుసార్లు రీస్టార్ట్ చేసినా మెనూ రాలేదు, నల్లటి తెరే. పదకొండు ముప్పై ఎనిమిది. బల్ల మీద గుద్దాడు.

సర్వర్ వెనక ఊడుస్తున్న జంగమ్మ గయ్యిమంది. “ఎవలు తుడిసిన్రు సారూ నా బొట్టు? నిన్న ఆయుధపూజకు మిషన్ పొక్కలన్నిటికీ నేనే కుంకుమ పెట్టిన. ఇగ జూడు, గీ ఒక్కదానికి లేదు!”

పట్టాభి వంగి చూశాడు. కుంకుమ చెరిగిన యూఎస్‌బీ పోర్టులో గోరంత పెన్‌డ్రైవ్. పూజ తర్వాతే ఎవరో గుచ్చారు. మిషన్ ముందు దాన్నే చదివి అక్కడే ఆగిపోతోంది. పొద్దుటి నుంచి ఈ గదిలో ఉన్న ఇంజనీరు బిందు ఒక్కతే.

“దొంగముఖమా! మా జీతం తింటూ వాళ్ల పని చేస్తావా?”

బిందు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది. జంగమ్మ చీపురు తిరగేసి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిస్తోలు బల్ల కింద పడింది. “నా బొట్టే తుడుస్తవా?” అని ఇంకోటి వేసి, జుట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

పట్టాభి పెన్‌డ్రైవ్ పీకేశాడు. రీస్టార్ట్. మెనూ వచ్చింది. పాత వెర్షన్. “లేవవే, నీ దుంప తెగ!” పదకొండు నలభై తొమ్మిదికి కెమెరాలు లేచాయి. అరైవల్స్ బయట ‘శ్రావణ్‌కుమార్’ అని బోర్డు పట్టుకున్న క్యాబ్ డ్రైవర్ మొహం చుట్టూ ఎర్రగీత పడింది.

“బోర్డు పట్టుకున్నవాడే! పట్టుకోండి!” మైక్‌లో అరిచాడు పట్టాభి.

ఎయిర్‌పోర్ట్‌లో కాచుకున్న మనవాళ్లు మీద పడేసరికి బోర్డు వెనక వాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. పదడుగుల దూరంలో శ్రావణ్‌కుమార్ ట్రాలీ వదిలేసి నిలబడిపోయాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

“శభాష్ పట్టాభీ!” అన్నాడు చీఫ్.

“శభాష్ తర్వాత. ఇవాళే అప్‌గ్రేడ్ పెట్టించిందెవరు సార్?”

“నేనేనయ్యా. విజయదశమి కదా, మంచి ముహూర్తమని... ఆగిపోయిన అప్‌గ్రేడ్ ఎప్పుడు పూర్తిచేద్దాం?”

“మీరు రిటైరైన మర్నాడు సార్. అంతకంటే మంచిరోజు పంచాంగంలో లేదు.”