రాగిరేకు మీది సిపాయి

నేను అన్నిటికన్నా భయపడేది ఒక్కదానికే: నేను పనిలో ఉండగా అత్తగారు మా పాప ఫీన్‌ను మరిచిపోతుందేమోనని. ఫీన్‌కు రెండేళ్ళు. అత్తగారు గోడెలీవ్‌కు ఎనభై ఆరు.

ఆ శనివారం మామూలుగానే తెల్లవారింది. మర్నాడు చర్చి జాతర. జాతరకు ముందు రాగి సామానంతా తోమడం మా ఫ్లెమిష్ పల్లెల్లో ఆడవాళ్ళ ఆనవాయితీ. ఉప్పు, వెనిగర్, గుప్పెడు పిండి కలిపిన ముద్ద అత్తగారి ముందు పెట్టి నేను రొట్టెల దుకాణానికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం వచ్చేసరికి గిన్నెలు మెరుస్తున్నాయి. వాటి పక్కనే, పొయ్యి పైన గోడకుండే పటం బోర్లించి ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్ద రాగిరేకు. దాని మీద నాలుగు వందల ఏళ్ళనాటి నూనెరంగుల బొమ్మ, మా ఆయన వానెస్‌కు తాతముత్తాతల నుంచి వచ్చింది. మండుతున్న పల్లె, మంచులో చెప్పుల్లేని జనం, తల్లి ఒళ్ళోని బిడ్డను కాలు పట్టి లాగుతున్న సిపాయి. తిప్పి చూశాను. ఒక మూల రంగంతా పోయి ఎర్రటి రాగి బయటపడింది.

వానెస్ వచ్చి ఆ పటం చేతిలోకి తీసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఎందుకు చేశావని ఇద్దరం మార్చి మార్చి అడిగాం. ఆవిడ తడి చేతులు తుడుచుకుంది.

"వాణ్ణి పంపించేశాను. ఇక రాడని పిల్లకు చెప్పండి."

"విన్నావా? ఈవేళ పటాన్ని గిన్నె అనుకుంది. రేపు పిల్లను ఏమనుకుంటుందో" అన్నాను, ఆవిడ ముందే.

వానెస్ కిటికీ వైపు చూశాడు. ఆవిడ మాత్రం నా వైపే చూసింది. "మాట ఉడక్కముందే వడ్డిస్తావు నువ్వు, గ్రీట్."

నెల తిరక్కుండా ఆవిడను కాలువ ఒడ్డు వృద్ధాశ్రమంలో చేర్చాం.

ఒక ఉదయం, బాగుచేసే వాళ్ళకు ఇద్దామని పటాన్ని గుడ్డలో చుడుతుంటే ఫీన్ నా ఒళ్ళోకి ఎక్కింది. ఇదివరకు ఆ బొమ్మ కనబడితే నా పావడాలో మొహం దాచుకునేది. ఆ రోజు వేలు పెట్టి "అమ్మ, పాప" అంది. అప్పుడు వెలుతురులో చూశాను. పోయింది సిపాయి ఒక్కడే. తోముడు బిడ్డ మడమ దగ్గర సరిగ్గా ఆగింది. తల్లి ముసుగు మీద ఒక్క గీత లేదు. మతి తప్పిన చెయ్యి అంత జాగ్రత్తగా తోమదు.

మర్నాడే వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఇంటికి వచ్చేయమన్నాను.

"పిల్లను నా దగ్గర వదిలి పనికి వెళ్తావా?" అని అడిగింది.

వెళ్తాను అత్తయ్యా అనాలి. ఆవిడ శాలువా సర్దడం మొదలుపెట్టాను.

ఆవిడ నా చెయ్యి తట్టింది. "పో, పిల్ల దగ్గరికి పో."

అప్పటినుంచి నేను వెళ్తే కిందికి రావడం లేదు. వానెస్ వెళ్తే బాగానే ఉన్నానని ఒక్క మాట చెప్పి పంపేస్తుంది. మీలో ఎవరైనా ఆ కాలువ దారిన పోతే, రెండో అంతస్తులో గోడెలీవ్ ఎవరని అడగండి. సూప్ చల్లారకముందే తాగుతోందో లేదో ఒకసారి చూసి రండి. నేను పంపానని మాత్రం చెప్పకండి.