మారిన ఉల్క ముక్క

“నేను దొంగను కాను, బ్రాండల్ గారూ,” అంది రోజాలియా నెమెట్జ్, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

వియన్నాలో ఒక చిన్న ప్రదర్శనశాలలో ఇనుప ఉల్కలు కోసి, నునుపు చేసి, యాసిడ్‌తో గీతలు తేల్చడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. నిన్న ప్రొఫెసర్ లిండ్నర్ ఆమెను దొంగ అని చెప్పి తీసేయించాడు. పింఛను కూడా రాదు.

ఉల్క ఒకప్పుడు ఏదో చిన్న గ్రహం గర్భంలో చల్లారిన ఇనుము. ఎంత నిదానంగా చల్లారితే దాని గీతలు అంత వెడల్పు. లిండ్నర్ వాటిని కొలిచి, పది లక్షల ఏళ్లకు పది డిగ్రీలే చల్లారిందని పుస్తకం రాసి గొప్పవాడయ్యాడు. ఈమధ్య మరో శాస్త్రవేత్త అదే ముక్కను కొలిచి, యాభై డిగ్రీలని లిండ్నర్‌కు ఉత్తరం రాశాడు. అయితే ముక్క మారిందని, అసలుది రోజాలియా అమ్ముకుందని లిండ్నర్ తేల్చేశాడు. ఆ ఊళ్లో ప్రొఫెసర్ మాటకు ఎదురు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు.

పక్కన రాసుకుంటున్న బ్రాండల్ సహాయకురాలు ఇల్సెకు ఒళ్లు మండిపోయింది. డిటెక్టివ్ బ్రాండల్ మాత్రం నెమ్మదిగా టోపీ అందుకున్నాడు.

లిండ్నర్ తనకిచ్చిన ఆ ఉత్తరాన్ని ప్రదర్శనశాల డైరెక్టర్ చూపించాడు. ఒక్కటే కాగితం, కింద సంతకం లేదు. ఇల్సె అది రాసుకుంది.

“మీరు ఏ గీతలు కొలిచారండీ?” అని బ్రాండల్ లిండ్నర్‌ను అడిగాడు.

“వెడల్పుగా, స్పష్టంగా కనబడ్డవి. నాకే పాఠం చెబుతారా?”

“అబ్బే, నేర్చుకుంటున్నాను.”

మర్నాడు బ్రాండల్ అందరినీ పిలిపించి, ముక్కను, దాన్ని కోసి తీసిన పెద్ద ఉల్క ముద్ద కోతకు ఆనించాడు. గీతలు ఇందులోంచి అందులోకి తిన్నగా సాగాయి. “ముక్క మారలేదు,” అన్నాడు.

తర్వాత జేబులోంచి సాసేజ్ తీసి ఒకసారి నిటారుగా, ఒకసారి ఏటవాలుగా కోశాడు. “ఏటవాలు ముక్క వెడల్పు చూశారా? ఉల్కలో గీతలుగా కనబడే పొరలు నాలుగు వైపులకు వాలి ఉంటాయి. రంపం కొన్నిటిని ఇలా ఏటవాలుగా కోస్తుంది. ఆ వాలు వల్ల పెరిగిన వెడల్పును లెక్కలోంచి తీసేయాలి. ప్రొఫెసర్ గారు తీయలేదు. పైగా వెడల్పువే ఏరుకున్నారు. అందుకే యాభై కాస్తా పదయింది.”

“పొరపాటు ఎవరికైనా జరుగుతుంది,” అన్నాడు లిండ్నర్.

“పొరపాటే అయితే ఉత్తరం రెండో కాగితం ఎందుకు దాచారు? రాసినాయనకు పొద్దున ఫోన్ చేశాను. వాలు సంగతంతా అందులోనే రాశారట.”

లిండ్నర్ తల దించుకున్నాడు. రేపటి నుంచి పనిలోకి రమ్మని డైరెక్టర్ రోజాలియాను బతిమాలాడు. ఆమె అతనికేసి చూడనేలేదు.

“నేను దొంగనా, ప్రొఫెసర్ గారూ?”

“కాదు,” అని గొణిగాడు లిండ్నర్.

“గట్టిగా చెప్పండి. దొంగ అన్నప్పుడు వీధిదాకా వినబడింది.”