గాలి తీసిన టైర్లు

"గట్టిగా పట్టుకో అక్కా!"

ఇసకదిబ్బ మీంచి జీపు ఎగిరి పడుతుంది. సుభాషిణి తల పైనున్న ఇనుప కడ్డీకి కొట్టుకుంటుంది. నొప్పి తెలియడం లేదు. చేతిలో భర్త క్రాంతి ఫోన్ మాత్రం వదలడం లేదు.

చీకటి పడుతోంది. సరుగుడు తోపులో దారే కనపడదు. లైట్లు వేస్తే వాళ్లకి దొరికిపోతామన్నాడు గైడ్ సుధాకర్.

"మా ఆయన్ని వదిలేసి ఎట్లా పోయేదన్నా?"

"రేవుకి పోతే పోలీసులకి ఫోన్ కలుస్తాది. ఈడుంటే ఇద్దరూ పోతారు!"

రేవు... బల్లకట్టు... అవతలి ఒడ్డున మైపాడు. అక్కడిదాకా బతికితే చాలు.

పొద్దున ఎంత సరదాగా మొదలైంది! దీవిలో జీపు షికారు, జీడిమామిడి నీడన చేపల పులుసు, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. కానీ ఆయన ఊరుకుంటేగా! పిట్టల్ని వీడియో తీస్తానంటూ మొగలి పొదల్లోకి దూరాడు క్రాంతి కుమార్. పిట్టలు కాదు, టార్పాలిన్ కింద దుంగలు దొరికాయి. ఎర్రచందనం! పక్కనే ఇద్దరు మనుషులు. ఒకడి భుజాన నాటు తుపాకి!

"పరిగెత్తు సుభా!" అంటూ క్రాంతి ఫోన్ ఆమె వైపు విసిరాడు. ఆ తర్వాత అతని గొంతు వినపడలేదు.

అప్పుడు జీపేసుకుని వచ్చింది సుధాకరే. దేవుడే పంపాడనుకుంది.

జీపు ఆగుతుంది.

"ఏమైందన్నా?"

"టైర్లు చూసుకుంటా. ఒక్క నిమిషం."

ఇంజిన్ ఆపకుండానే దిగుతాడు. వెనక్కి వెళ్తాడు.

బుస్స్‌స్...

సుభాషిణి వెనక్కి తిరిగి చూస్తుంది. ఈ చప్పుడు పొద్దున రేవులో విన్నదే. బల్లకట్టు దిగగానే టైర్లలో సగం గాలి తీసేస్తూ అతనే నవ్వుతూ చెప్పాడు.

"గాలి తీయకుంటే బండి ఇసకలో కూరుకుపోతాది అక్కా. మళ్లీ రేవు రోడ్డెక్కే ముందు కొట్టుకుంటాం. సముద్రం కొసకైతే ఇంకా తీయాల. అటు మేం ఎవుర్నీ తీసుకుపోం. మనిషన్నోడు ఉండడు."

రేవుకైతే గాలి కొట్టాలి.

ఇతను ఇంకా తీస్తున్నాడు, సముద్రం కొసకి!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. రోజూ చేసే పనే కదా, అతని చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. చెప్పిన మాట ఆమెకి గుర్తుంటుందని అతనికి తట్టనే లేదు.

ముందు సీట్లో వాకీటాకీ గరగరలాడుతుంది.

"సుధాకరన్నా! ఈయన్ని కట్టేసినాం. నువ్వొచ్చిందాకా ఉంచేదా, ఇప్పుడే..."

బతికే ఉన్నాడు! ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొస్తాయి.

సుధాకర్‌కీ ఆ మాట వినపడింది. పరిగెత్తుకొస్తున్నాడు.

"దిగు కిందికి! ఆ ఫోన్ ఇటియ్!"

సుభాషిణి డ్రైవర్ సీట్లోకి దూకుతుంది. గేరు... యాక్సిలరేటర్! అతని చెయ్యి తలుపు దాకా వచ్చి జారిపోతుంది. కేకలు వెనకబడతాయి.

లైట్లు వేస్తుంది. వచ్చిన టైర్ల జాడ ఇసకలో కనపడుతోంది. బండిని వెనక్కి తిప్పుతుంది. మెత్తటి ఇసకలో ఎక్కడా కూరుకోవడం లేదు. పాపిష్టివాడు, గాలి సరిగ్గానే తీశాడు!

మొగలి పొదలు. లైట్ల వెలుగుకి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇద్దరు. వాళ్ల కాళ్ల దగ్గర క్రాంతి, చేతులు వెనక్కి కట్టేసి.

బండి ఆపుతుంది. వాళ్ల కళ్లలో కొడుతున్న హై బీమ్ మాత్రం తీయదు, లోపల ఎవరున్నారో కనపడకుండా.

"అన్నొచ్చినాడు! లేపురా వాణ్ణి, బండెక్కించు!"

వాళ్లే ఎత్తుతారు. వాళ్లే క్రాంతిని వెనక సీట్లో పడేస్తారు. తుపాకి వాడు ముందుకొచ్చి తొంగి చూస్తాడు.

"అన్నా, ఇంక..."

నోరు తెరిచినవాడు తెరిచినట్టే!

జీపు ముందుకు దూకుతుంది.

ఢాం!

అద్దం భళ్లుమంటుంది. సరుగుడు కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీయదు.

"క్రాంతీ! తగిలిందా?"

"లేదు... లేదు సుభా! నువ్వా? ఎట్లా వచ్చినావు?"

చెట్ల సందున రేవు దీపాలు. సుభాషిణికి నవ్వొస్తుంది. బతికాడు. తన మనిషి బతికాడు!

"నీకేం కాలేదు కదా?"

ఆమె కిందికి చూసుకుంటుంది. నడుం దగ్గర కుర్తా వెచ్చగా తడుస్తోంది. స్టీరింగ్ మీద చెయ్యి నిలవడం లేదు.

"చేతులు తొందరగా విడిపించుకో క్రాంతీ..." అంటుంది మెల్లగా. "ఇక్కణ్ణుంచి బండి నువ్వు నడపాల."