సప్పుడు లేని సవతి

తాండూరులో పెళ్ళి బరాత్ అంటే ఇమ్మానుయేలు డీజే ఉండాల్సిందే. అతను బాక్సులు పేర్చి మీట తిప్పాడంటే వాడకట్టు మొత్తం కిటికీలు గజగజలాడేవి. ముసలివాళ్ళు గుండె పట్టుకునేవాళ్ళు, కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఎగిరేవాళ్ళు. అట్లాంటి మనిషికి ఒక ఎండాకాలం పెళ్ళిళ్ళ సీజను అయిపోయేసరికి సప్పుడే పడకుండా పోయింది. చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాడు. కుక్కర్ కూతకు ఉలిక్కిపడ్డాడు. ఐదేళ్ళ కూతురు కెజియ గట్టిగా నవ్వినా పక్కగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఒకనాడు పొద్దున్నే ఫోను టీవీ పక్కన పెట్టేసి, "ఇగ నాతోని కాదు జ్యోతీ. ఎవ్వలు మాట్లాడని కాడికి పోత" అని భార్యకు చెప్పి, చేతులూపుకుంటూ వెళ్ళిపోయాడు. పోయి పోయి వికారాబాదు పక్కన అనంతగిరి అడవిలో పడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు.

భార్య జ్యోతిరాణి మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుని బ్లౌజులు కుట్టుకుంటూ బతకడం నేర్చుకుంది. వాడకట్టు ఆడవాళ్ళు జాలిపడబోతే ఊరుకునేది కాదు. "ఏమైంది నాకు? నా మొగడు ఇంకొకదాన్ని మరిగి పోలే. చెట్లల్లకు పోయిండు. చెట్లు నాకు సవతులా?" అని నోరు మూయించేది. ఆమె ధైర్యమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. అత్త మొగులమ్మ కూడా, "అడివి ఇసుగొస్తే వాడే వస్తడు తియ్యి" అని మనవరాలికి అన్నం కలిపి పెట్టేది. అట్లా ఏడాది గడిచింది.

ఏసుదాసు వచ్చి ఆ ధైర్యం కాస్తా కూలగొట్టాడు. ఏసుదాసు జ్యోతిరాణికి అన్న, ఆమెకున్న ఒకే ఒక్క తోడబుట్టినవాడు. వికారాబాదులో ఆటో నడుపుతాడు. సీతాఫలాలు వచ్చే రోజుల్లో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చెల్లెలింటికి వచ్చి, చాయ్ తాగుతూ చెప్పాలా వద్దా అని నసిగి నసిగి చివరికి చెప్పేశాడు.

"బావను జూసిన చెల్లె. అంగట్ల. సీతాఫలాలు అమ్మి గాజులు కొంటున్నడు."

"గాజులా? ఎవలికి?"

"నాకేమెరుక? సైజెంత అని అడిగితే గిట్ల వేళ్ళు ముడిచి చూపిచ్చిండు. పచ్చ గాజులు, రెండు చేతులకు నిండ. నేను పిలిచేలోపట జనంల కలిసిండు. మా ఆటోలోళ్ళనడిగితే చెప్పిండ్రు. గుట్ట దిగినంక రోడ్డు కింద మోరీ ఉన్నది సూడు, ఆడికెళ్ళి లోపటికి పోతే పాత ఫారెస్టు చౌకీ ఉన్నదట. ఆడనే ఉంటడట."

జ్యోతిరాణికి కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు ఆ మనిషి ఆమెకు గాజులు కొనలేదు. పెళ్ళాం చేతి సైజు అడిగితే తెల్లమొహం వేసే రకం. అట్లాంటివాడు నడి అంగట్లో నిలబడి ఇంకొకదాని చెయ్యి ఎంతుంటుందో వేళ్ళు ముడిచి చూపిస్తాడా! చెయ్యి పట్టుకోకుండానే సైజు తెలిసిందా? మీరే చెప్పండి, ఏ ఆడదానికి ఒళ్ళు మండదు? ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. కళ్ళు మూసినా తెరిచినా పచ్చ గాజుల చెయ్యి ఒకటి ఇమ్మానుయేలుకు అన్నం వడ్డిస్తోంది, తల నిమురుతోంది. వాణ్ణి ఇంటికి తెచ్చుకోవాలి, దాన్ని జుట్టు పట్టి ఈడ్చాలి. ఇక వేరే ఆలోచన లేదు.

మర్నాడు మధ్యాహ్నం, "లైనింగు గుడ్డ తెస్త అత్తమ్మా" అని మొగులమ్మకు అబద్ధం చెప్పి, వెంట వస్తానని కొంగు పట్టుకున్న కెజియ చేతిలో బిస్కెట్ పుడా పెట్టి వికారాబాదు బస్సెక్కింది. దారిపొడుగునా ప్రార్థన చేసుకుందామనుకుంటే నోట్లోకి తిట్లే వచ్చాయి.

గుట్ట ఎక్కకముందే మోరీ దగ్గర బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. అప్పుడే వాన వెలిసింది. కాలిబాట మీద ఎర్ర బురద. తడిసిన ఆకుల వాసన, దాని కింద రాలి మురుగుతున్న సీతాఫలాల తీపి వాసన. కొమ్మల మీది నుంచి నీళ్ళు టప్ టప్‌మని భుజాల మీద పడుతున్నాయి. కొంత దూరం దాకా వెనక రోడ్డు మీది లారీల హారన్లు వినిపించాయి. తర్వాత అవి ఆగాయి. ఎక్కడో నెమలి అరిచింది. అదీ ఆగింది. ఇక మిగిలినవి కీచురాళ్ళు. పొద్దుగూకే వేళ అడవిలో కీచురాళ్ళు అరవకుండా ఉంటాయా? ఒక అడుగు దాకా చెవులు చిల్లులు పడేలా అరిచాయి. మరుసటి అడుగులో లేవు. మీట తిప్పి ఆపేసినట్టు... ఏమీ లేదు.

జ్యోతిరాణి ఆగింది. కొమ్మల మీది నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి. టప్ టప్ లేదు. బురదలో తన చెప్పులు పెట్టి తీసినా తనకే వినిపించలేదు. ఇంకో ఆడదైతే అక్కడి నుంచే వెనక్కి ఉరికేది. కానీ కుళ్ళు నిండిన కడుపులో భయానికి జాగా ఎక్కడిది? "బాగనే దొరికింది జాగ ఇద్దరికి" అనుకుంది పళ్ళు కొరుక్కుంటూ.

చెట్ల మధ్య చౌకీ కనిపించింది. ఒకే ఒక గది, ముందు చిన్న అరుగు, పైన సగం కూలిన రేకులు. వాకిలి మాత్రం అద్దంలా ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. ఎంత సన్నటి గీతలని! మగవాడి చెయ్యి కాదది. ఆ తడి నేల మీద ముగ్గు ఉంది గానీ, ముగ్గు వేసినదాని అడుగు ఒక్కటి కూడా లేదు. జ్యోతిరాణి అదీ చూసింది. చూసి కూడా, నాకంటే మంచిగ ఏసిందే అని కుళ్ళుకుంది.

గది వెనక నుంచి ఇమ్మానుయేలు కట్టెల మోపుతో వచ్చాడు. నిగనిగలాడుతున్నాడు. బుగ్గలు వచ్చాయి. ఇంటి దగ్గర తను రాత్రింబవళ్ళు మిషను తొక్కి కళ్ళు గుంతలు పడి, ఎముకలు తేలి ఉంది! ఆమెను చూడగానే అతని చేతుల్లోంచి మోపు జారి పడింది. అంత మోపు పడినా సప్పుడు కాలేదు.

"ఎందుకొచ్చినవ్?" పెదాలు మాత్రమే కదిలాయి.

"ఎవతె అది?"

"మెల్లగ... జర మెల్లగ. ఇంటది."

"ఇననియ్యి! ఇనిపిద్దామనే వచ్చిన!"

అతను ఉరికి వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ కాల్మొక్త, నా మాటిను. ఎవలన్న అడిగితే తొవ్వ తప్పి వచ్చిన అను. పేరు చెప్పకు. నేనెవలో నీకు తెల్వదు, నువ్వెవలో నాకు తెల్వదు. నాకెవ్వలు లేరని చెప్పిన."

నాకెవ్వలు లేరు. ఆ మాట మిషను సూదిలా దిగింది జ్యోతిరాణికి.

"ఎవ్వలు లేరా? నేను సచ్చిననా? నీ బిడ్డ సచ్చిందా?"

"గట్ల చెప్పినందుకే మీరు సల్లగున్నరు." గుసగుసగా, గబగబా చెప్పుకొచ్చాడు. "వచ్చిన కొత్తల మస్తు మంచిగుండె. సప్పుడు లేదు, చెవులు సల్లవడ్డయి. తర్వాత ఒకటే అడుగుడు షురు చేసింది. నీకెవలున్నరు... నీకెవలున్నరు... పొద్దుగూకితే అదే మాట. ఉన్నరంటే ఊకోదని నాకు సమజైంది. ఎవ్వలు లేరన్న. ఇంటికొద్దామంటే నా ఎంబడే వస్తదని ఈడనే వడి ఉన్న."

"మరి గాజులు?"

"అడిగింది. తెచ్చిన." గది తలుపు వైపు చూశాడు. "ఏసుకోని తిరుగుతది... సప్పుడు గావు."

"కతలు జెప్పకు నాకు" అంది జ్యోతిరాణి. భయపడేవాడు ఇంత ఒళ్ళు చేస్తాడా? మూడు పూటలా ముద్దుగా వండి పెట్టేది ఒకతె ఉంటే తప్ప? ఆ నిండు బుగ్గలు చూస్తుంటే ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడు లోపలి నుంచి పిలిచింది.

"అక్కా..."

మెత్తగా, ఎంతో మర్యాదగా. అంత అడవిలోనూ స్పష్టంగా వినిపిస్తున్నది ఆ ఒక్క గొంతే.

"అక్కా, వాకిట్లనే నిలవడ్డవేంది? లోపటికి రా."

ఇమ్మానుయేలు రెండు చేతులూ జోడించి వద్దు వద్దని తలూపాడు. అప్పుడన్నా ఆగాల్సింది. తొవ్వ తప్పి వచ్చిన అని రెండు ముక్కలు చెప్పి వెనక్కి మళ్ళితే అయిపోయేది. కానీ అక్కా అన్న పిలుపు చూడండి. బజార్లో కూరగాయలమ్మే పిల్ల పిలిస్తే అది మర్యాద. మొగుడు కొనిచ్చిన గాజులు వేసుకుని ఇంట్లో కూర్చున్నది పిలిస్తే అది సవతి పిలుపు. మొదటి పెళ్ళాన్ని రెండో పెళ్ళాం పిలిచే పిలుపు. జ్యోతిరాణికి ఇక ఒళ్ళు తెలియలేదు.

"ఎవతివే నువ్వు నన్ను అక్కా అననీకి? నేను ఆయన పెండ్లాన్ని! చర్చిల పదిమంది ముంగట చేసుకున్నదాన్ని! జ్యోతిరాణి నా పేరు. మాకు బిడ్డ ఉన్నది, కెజియ. తాండూరుల ఇల్లున్నది, ఇంట్ల అత్త ఉన్నది. ఈయనకు అందరున్నరు. నీకే ఎవ్వలు లేరు!"

ఇమ్మానుయేలు చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడ్డాడు.

తర్వాత లోపల ఆ గొంతు, కొత్త తిండి రుచి చూస్తున్నట్టు, మెల్లగా అంది.

"కెజియ..."

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఎవ్వలు లేరంటివి గద, ఇమ్మానుయేలు."

జ్యోతిరాణి అరుగెక్కి తలుపు తోసింది. దాని మొహం చూడాలి, అంతే. లోపల మసక చీకటి. ఒక చాప. పొయ్యి మీద గిన్నె. మనిషి లేదు. గాజులున్నాయి. చాపకు జానెడెత్తున, గాలిలో, రెండు వరుసలుగా... ఎవరో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటే ఎట్లుంటాయో అట్లా. పచ్చ గాజులు. కదలడం లేదు.

కదిలాయి.

మెల్లగా పైకి లేచాయి. కూర్చున్న మనిషి లేచి నిలబడినట్టు. ఒకదానికొకటి తగులుతున్నాయి, రాసుకుంటున్నాయి. సప్పుడు లేదు. తలుపు దగ్గరికి వచ్చాయి. జ్యోతిరాణి గోడకు అంటుకుపోయింది. చల్లటిదేదో ఆమె భుజానికి రాసుకుంటూ దాటి అరుగు దిగింది. ముగ్గు చెరగలేదు. గాజులు కాలిబాట పట్టి, చెట్ల మధ్య నుంచి రోడ్డు వైపు పోయాయి. తొందరలేకుండా... చుట్టమింటికి పోతున్నట్టు.

"వాపస్ రా!" ఏడాదిగా గొంతెత్తని ఇమ్మానుయేలు గొంతు చించుకున్నాడు. నోరంతా తెరుచుకున్నా సగం మాటలే వినిపించాయి. "నేనేడికీ పోను! అది అబద్ధం చెప్పింది! నాకెవ్వలు లేరు... ఒట్టు, నాకెవ్వలు లేరు!"

గాజులు ఆగలేదు. అతను జ్యోతిరాణి వైపు తిరిగాడు. "ఉరుకు" అన్నాడు. "బిడ్డ..."

ఆమె ఉరికింది. చెప్పులు బురదలో ఊడిపోయినా ఆగలేదు. ముళ్ళు గీసుకున్నా తెలియలేదు. ఏడాది పొడుగునా తమను కాపాడుకోవడానికి ఆ మనిషి ఒక్కడే ఇక్కడ కూర్చుని అబద్ధం చెప్పాడు. దాన్నంతా తన కుళ్ళు కాస్తా కాల్చి బూడిద చేసింది. "యేసయ్యా, యేసయ్యా" అంటూ రోడ్డు మీద పడేసరికి కీచురాళ్ళ రొద చెంపదెబ్బలా తగిలింది. చెయ్యెత్తి, అడ్డం నిలబడి తాండూరు బస్సు ఆపి ఎక్కింది. కిటికీలోంచి రోడ్డుకు రెండు వైపులా చూసింది. చీకటి పడుతోంది. ఎవరూ లేరు.

ధారూరు దగ్గరికి వస్తుండగా ఫోనులో సిగ్నలు వచ్చింది.

"అత్తమ్మా! కెజియ ఏది?"

"ఏడికి పోతది? ఈడనే ఉన్నది. ఏందే గట్ల ఒర్రుతున్నవ్?" మొగులమ్మ గొంతు వెనక టీవీ సీరియల్ మోత. జ్యోతిరాణికి ప్రాణం లేచి వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"తలుపు గొళ్ళెం పెట్టు అత్తమ్మా. ఎవలొచ్చినా తియ్యకు. నేనొచ్చేదాక తియ్యనే తియ్యకు."

"పెట్టినమే. అందరం లోపటనే ఉన్నం."

"అందరం ఎవలు?"

"ఎవలేంది? నేను, కెజియ, నీ చెల్లె."

జ్యోతిరాణికి చెల్లెలు లేదు.

"ఇప్పుడే వచ్చింది పిల్ల" అంటోంది మొగులమ్మ మురిపెంగా. "నీకొక చెల్లె ఉన్నదని ఒక్కనాడన్న చెప్పకపోతివి గదనే. మస్తు నెమ్మదస్తురాలు. ఇంట్లకొచ్చిన సంగతే నాకు తెల్వలే..."

"అత్తమ్మా, కెజియను ఎత్తుకో! ఫోను దానికియ్యి... అత్తమ్మా!"

టీవీ మోత ఆగిపోయింది. ఫోను చేతులు మారింది. చిన్న ఊపిరి చెవి దగ్గర వినిపించింది.

"మమ్మీ" అంది కెజియ గుసగుసగా. "చిన్నమ్మ నన్ను డాడీ కాడికి తోల్కపోతదట."

"పోవద్దు బిడ్డా! నేనొస్తున్న. నేను గూడ వస్త, అందరం కలిసే పోదాం. నేనొచ్చేదాక కదలకు..."

"నువ్వు రావద్దట మమ్మీ."

గొళ్ళెం తీసినట్టు వినిపించింది. ఆ తర్వాత అడుగులు లేవు, మొగులమ్మ గొంతు లేదు, బయట బండ్ల మోత లేదు. ఫోను కట్ కాలేదు. స్క్రీను మీద సెకన్లు పెరుగుతూనే ఉన్నాయి. బస్సు ఇంకా ధారూరు దాటలేదు. జ్యోతిరాణి ఫోను చెవికి అదుముకుని, "కెజియా... కెజియా..." అని పిలుస్తూనే ఉంది. చాలాసేపటికి అవతల నుంచి, మెత్తగా, ఎంతో మర్యాదగా బదులు వచ్చింది.

"పోయొస్తం, అక్కా."