ఎవరో కాళ్లు పట్టుకున్నరు

అది 2011 వానకాలం. శంషాబాద్ పక్కనే మా ఊరు. విమానాలు మా రేకుల మీదుగానే దిగేవి. నా బిడ్డ పూర్ణిమ మంచంలో పడుకునే వాటి చప్పుడు వినేది. దాని వెన్నుపూసలో క్యాన్సర్ పుట్టింది. పిల్లల్లో చాలా అరుదట. గడ్డ పెరిగి నరాలను నొక్కేసింది. నడుము కింద సూది గుచ్చినా తెలిసేది కాదు. చివరికి దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఆ సందెవేళ నా భర్త జంగయ్య కిరాయి కారు నడుపుతూ ఎయిర్‌పోర్టుకు పోయాడు. నేను అన్నం వండుతున్నాను. వాన మొదలైంది. కరెంటు పోయింది. తడిమట్టి వాసన, మందుల వాసన కలిసిపోయి ఇల్లంతా నిండాయి.

"అమ్మా... నా కాళ్లు ఎవరు పట్టుకున్నరే?"

చేతిలో గరిటె జారిపోయింది. భయంతో కాదు, సంతోషంతో.

"ఎరుకైతుందా బిడ్డా?"

"ఎరుకైతుంది. సల్లగున్నది."

ఇంట్లో సిగ్నల్ అందదు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి ఉరికి ఆయనకు కలిపాను.

"మన పూర్ణికి కాళ్లు ఎరుకైతున్నయి. జల్ది రా" అన్నాను.

అవతల ఆయన ఏడ్చేశాడు. "వస్తున్న... వస్తున్న."

ఫోన్ పెట్టేసరికి లోపల మంచం కిర్రుమంది. తర్వాత అడుగుల చప్పుడు. చిన్న అడుగులు... వాటి పక్కనే ఇంకెవరివో.

"పూర్ణీ?"

"నడుస్తున్న అమ్మా..."

ఆ గొంతు వెనక తలుపు దగ్గర నుంచి వచ్చింది.

"నీతోని ఎవరే?"

"చెప్పొద్దంటున్నది..."

గోడ తడుముకుంటూ లోపలికి పోయాను. వెనక తలుపు లోపలి గడియ వేసే ఉంది. అడుగులు మాత్రం బయట, చేనులో... వానలో... దూరమవుతున్నాయి. గడియ తీసి పిలిచాను. మళ్లీ పిలిచాను. 

కరెంటు వచ్చింది.

పూర్ణిమ మంచం మీదే ఉంది. నేను కప్పిన దుప్పటి కప్పినట్టే ఉంది. ఊపిరి లేదు.

జంగయ్య చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. దుప్పటి మీద నుంచే బిడ్డ కాళ్లు నిమిరాడు.

"బాపు వచ్చిండు. ఎరుకైతుందా బిడ్డా?"

ఆయన చెయ్యి పట్టుకుని బిడ్డ ముక్కు దగ్గర పెట్టాను.

తెల్లవారి బిడ్డకు ఆఖరి నీళ్లు పోయడానికి పక్కింటి దుర్గవ్వ వచ్చింది. దుప్పటి తీసి, కాళ్ల దగ్గర ఆగిపోయింది.

"ఇదేంది శివమ్మా?"

బిడ్డ అరికాళ్ల నిండా చేనులోని పల్లేరు కాయలు గుచ్చుకుని ఉన్నాయి. ఒకటి లాగాను.

నెత్తురు వచ్చింది... వెచ్చగా.