గెడ్డ వంతెన కింది పిలుపు

నేరెడుపుట్టు వంతెనకు మంచి పేరు లేదు.

రోడ్డూ వంతెనా రాకముందు నేరెడుపుట్టు కొండ మీద ఉన్నదల్లా నాలుగు గుడిసెలూ, వారానికో సంత. తెల్లదొరల కాలంలో, కొండవాళ్ళు దొరల మీద లేవదీసిన పితూరీ అణిగిన ఏడాది ఘాటు రోడ్డు వచ్చింది. రోడ్డు వెనకాలే ఉప్పు బస్తాలు, ఉప్పు వెనకాలే మైదానం షావుకార్లు, వాళ్ళ వెనకాల ఠాణా, పెంకుల ఆసుపత్రి. మూడేళ్ళు తిరక్కుండానే ఊరు పట్నం వేషం కట్టింది. ఊరి పక్కన పారే గెడ్డ మీది వంతెన మాత్రం రెండుసార్లు కూలి, మూడోసారి నిలిచింది. పునాదిలో మనిషి తల పెడితేనే నిలిచిందని కొండవాళ్ళ మాట. పెట్టారో లేదో ఆ దేవుడికే ఎరుక. చీకటి పడ్డాక కింద నుంచి ఎవరో పిలుస్తారట... అదీ మన ఇంటి మనిషి గొంతుతోనే.

రాళ్ళు మోసి దాన్ని కట్టినవాళ్ళే దాని మీద అడుగు పెట్టేవారు కాదు. పక్కన గెడ్డలోకి దిగి దాటేవారు.

ఒక రోజు, వాళ్ళలో ఒకడైన మంగ్లు పెళ్ళాం కనక పసుపు కొమ్ములు తీసుకుని గెడ్డ అవతల సంతకెళ్ళింది. పొద్దు గూకినా రాలేదు. పై కొండల్లో కురిసిన వానకు గెడ్డ పొంగింది. వెతకబోదామంటే వంతెన తప్ప దారి లేదు. పాపం మంగ్లు, గుండె చిక్కబట్టుకుని కాలు పెట్టాడు.

సగం దాటాడో లేదో—

"మావా..."

కనక గొంతు. కింద నుంచి.

దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిస్తేనే మనిషి. తాతల నాటి మాట అది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు.

"మావా..."

ఇంకొక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి పిలిస్తే దూకేసేవాడే. నీళ్ళ హోరు తప్ప ఏమీ వినబడలేదు.

ఒకటే పరుగు. ఆసుపత్రి దీపం దగ్గర ఆగాడు.

"మా కనకని సూసినారా, బాబూ?"

"సంత నుంచి పొద్దుండగానే బయల్దేరిందిరా," అన్నాడు కంపౌండరు గోపాలకృష్ణ. "దారిలో కనబడలేదా?"

మంగ్లు వంతెన వైపు చెయ్యి చూపించాడు.

లాంతరు పట్టుకుని ఇద్దరూ దిగేసరికి నీరు కాస్త తీసింది. రెండు బండల మధ్య కాలు ఇరుక్కుని... కనక. కంపౌండరు నాడి పట్టి చూసి తల దించుకున్నాడు.

"ఒళ్ళింకా వెచ్చగానే ఉందిరా. ఇందాకటి దాకా బతికే ఉంది."

మంగ్లు ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుపు కూడా రాలేదు.

"ఇంకొక్కసారి పిలవలేకపోనావేటే..." అని గొణిగాడు.

ఒళ్ళోని పెదవులు కదల్లేదు. జవాబు మాత్రం వంతెన కింది చీకట్లోంచి వచ్చింది. కంపౌండరు కూడా విన్నాడట.

"పిలుద్దామని నోరు తెరిసినాను, మావా... నీళ్ళొచ్చీసినాయి."